విద్యార్థి నాయకుడంటే జెండా మోసేవాడేనా?

గచ్చిబౌలి: లింగంపల్లి దాటి పాత బొంబాయి రోడ్డు మీద గచ్చిబౌలి వైపు పోయేవారికి ఒకచోట దారి పక్కన పొడవాటి ప్రహరీ గోడ కనిపిస్తుంది. చుట్టుపక్కలంతా అద్దాల మేడలు, సాఫ్ట్‌వేర్ కంపెనీల బోర్డులు. గోడ లోపల మాత్రం పెద్ద పెద్ద బండలు, చెట్లు, కుంటలు, వాటి నడుమ చదువుల భవనాలు. అది హైదరాబాదు విశ్వవిద్యాలయం. జనం నోట సెంట్రల్ యూనివర్సిటీ. సుమారు 5 వేల మంది విద్యార్థులున్న చోటు.

లోపల షాప్‌కామ్ అని విద్యార్థులు పిలుచుకొనే జాగా ఒకటి ఉన్నది. షాపింగ్ కాంప్లెక్సుకు అది పొట్టి పేరు. నాలుగు దుకాణాలు, వాటి ముందు పదిమంది నిలబడి మాట్లాడుకొనేందుకు కాస్త ఖాళీ స్థలం. మన ఊళ్లలో రచ్చబండ ఎటువంటిదో వీరికి ఇది అటువంటిది. సభ జరిగినా ఇక్కడే, ధర్నా జరిగినా ఇక్కడే. వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో విద్యార్థి సంఘం ఎన్నికలు వస్తే ఇక్కడ సందడి అంతా ఇంతా కాదు. అధ్యక్ష పదవికి నిలబడినవారు తోటి విద్యార్థుల ఎదుట నిలబడి, ఒకరి తరువాత ఒకరు మాట్లాడి, అడిగిన ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. పంచాయతీ ఎన్నికలలో అటువంటి పరీక్ష మన సర్పంచి అభ్యర్థులకు ఎవరూ పెట్టరు.

పల్లె నుంచి పెద్ద చదువుకు పోయే పిల్లవాడిని బస్సు ఎక్కించేటప్పుడు తండ్రి చెప్పే మాటలు రెండు. వేళకు తినమనేది ఒకటి. సంఘాల జోలికి పోవద్దనేది రెండవది. ఆ రెండవ మాటలో తప్పు లేదు. విద్యార్థి నాయకుడనగానే ఊళ్లలో కళ్లముందు నిలిచేది జెండా, ఊరేగింపు, లాఠీ, పోలీసు స్టేషను. పుస్తకం పక్కన పెట్టి కర్ర పట్టిన కుర్రవాళ్ల కథలు ప్రతి తాలూకాలోనూ ఉన్నాయి. చేను కుదువ పెట్టి చదివించే తండ్రికి భయం ఉండడంలో ఆశ్చర్యం లేదు.

అయితే విద్యార్థి నాయకుడు చేయవలసిన అసలు పని వేరు. హాస్టలులో నీళ్లు రాకపోతే వార్డెనుకు చెప్పాలి. వార్డెను చెప్పిన జవాబు తిరిగి వచ్చి పిల్లలకు చెప్పాలి. ఆ జవాబు పిల్లలకు నచ్చనిదైనా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కష్టమంతా ఈ చివరి దానిలోనే ఉన్నది. పై అధికారిని తిట్టి చప్పట్లు కొట్టించుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. అధికారి మాటలో న్యాయమున్నదని తనకు ఓటు వేసిన వారి ముందు ఒప్పుకోవడం అందరికీ చేతకాదు. నీళ్ల మోటారు కాలిపోయిందని చెబితే కోపంగా ఉన్న ఊరు వినకపోయే బాధ వార్డు సభ్యులెందరికో అనుభవమే.

హాస్టళ్లలో మెస్ సెక్రటరీ అనే పదవి పాతదే. పప్పు పలుచన అయితే మొదట తిట్లు పడేది ఆయనకే. బియ్యం ధర పెరిగితే బిల్లు పెంచాలని వంటవారు ఆయననే పట్టుకుంటారు. రెండు వైపులా మాట పడి, రెండు వైపులా మాట నడిపించడం అక్కడే అలవాటు అవుతుంది. ఉపన్యాసాల కంటె ఈ బియ్యం, పప్పుల లెక్క నేర్పేది ఎక్కువ.

అయిదు వేల రూపాయల ఎన్నిక

విద్యార్థి సంఘాల ఎన్నికలు ఎట్లా జరగాలన్నదానికి దేశమంతటా ఒక కట్టుబాటు ఉన్నది. ఎన్నికల కమిషన్ మాజీ ప్రధానాధికారి జె.ఎం. లింగ్డో అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2006లో నివేదిక ఇచ్చినది. అదే సంవత్సరం సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు దానిని అమలు చేయవలసిందిగా ఉత్తర్వు చేసినది.

ఒక అభ్యర్థి 5 వేల రూపాయలకు మించి ఖర్చు పెట్టరాదు. ఆ డబ్బు కూడా తోటి విద్యార్థులు ఇష్టపడి ఇచ్చినదే కావాలి. సర్పంచి ఎన్నికల ఖర్చు ఎరిగినవారికి ఆ అంకె నవ్వు తెప్పించవచ్చు. అచ్చు వేసిన పోస్టర్లు పనికిరావు, చేతితో రాసినవే అంటించాలి. ప్రచారానికి లౌడ్ స్పీకర్లు, వాహనాలు, జంతువులు వాడరాదు. ఎద్దుల బండి మీద ఊరేగింపు కూడా కుదరదన్నమాట. అభ్యర్థికి 75 శాతం హాజరు ఉండాలి, తప్పిన సబ్జెక్టులు ఉండరాదు, నేరచరిత్ర ఉండరాదు. డిగ్రీ విద్యార్థులకు 22, పరిశోధక విద్యార్థులకు 28 సంవత్సరాలు వయసు హద్దు. ముఖ్య పదవికి ఒకే ఒకసారి నిలబడవచ్చు. ఓడినా గెలిచినా అంతే. ఎన్నికల తతంగం మొత్తం పది రోజులలో ముగియాలి.

ఈ నిబంధనలు మరీ బిగుతుగా ఉన్నాయని విద్యార్థి సంఘాలు వాదిస్తూనే ఉన్నాయి. ఒకసారి నిలబడి ఓడినవాడు రెండవసారి నిలబడరాదంటే అనుభవం ఎక్కడి నుంచి వస్తుందన్నది వారి ప్రశ్న. అందులో న్యాయం లేకపోలేదు. ఏది ఏమైనా సెంట్రల్ యూనివర్సిటీలో అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, సహాయ కార్యదర్శి, సాంస్కృతిక కార్యదర్శి, క్రీడల కార్యదర్శి అనే పదవులకు ఎన్నికలు జరుగుతూ వచ్చాయి. సుకూన్ అనే వార్షిక ఉత్సవం నడిపించే బాధ్యత కూడా ఈ సంఘానిదే. పాటకు, ఆటకు పందిరి వేయించేవారే మరునాడు ఫెలోషిప్ డబ్బు ఆలస్యమైనదని రిజిస్ట్రారు గది ముందు నిలబడతారు.

పీఠం ఒకరి చేతిలోనే ఉండిపోలేదన్నది గమనార్హం. 2017లో అంబేద్కర్ విద్యార్థి సంఘం ముందుండి నడిపిన కూటమి గెలిచినది. 2018లో ఏబీవీపీ గెలిచినది. మరుసటి సంవత్సరం మళ్లీ వామపక్ష, అంబేద్కర్ సంఘాల కూటమి. 2025 సెప్టెంబరులో ఏబీవీపీ కూటమి. ఓడినవారు ఓటమి ఒప్పుకొని, మరునాడు అదే షాప్‌కామ్ దగ్గర అదే టీ తాగవలసిందే. హాస్టలు ఒకటే, మెస్ ఒకటే అయినప్పుడు పగ ఎన్నాళ్లు నడుస్తుంది!

ఆందోళన నుంచి పుట్టిన చదువుల గుడి

ఈ విశ్వవిద్యాలయం పుట్టుకే విద్యార్థుల ఆందోళనతో ముడిపడి ఉన్నది. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చాయి. రెండింటిలోనూ ముందు నిలిచినది కళాశాలల పిల్లలే. చదువులు నిలిచిపోయాయి, కాల్పులలో ప్రాణాలు పోయాయి. ఆ తరువాత 1973లో ఆరు సూత్రాల పథకం కుదిరినది. హైదరాబాదులో కేంద్ర విశ్వవిద్యాలయం ఒకటి నెలకొల్పాలన్నది అందులో ఒక సూత్రం. అందుకోసం రాజ్యాంగంలో 371-ఇ అనే అధికరణం చేర్చారు. 1974 అక్టోబరు 2న విశ్వవిద్యాలయం ఏర్పడినది. తొలినాళ్లలో ఆబిడ్స్‌లోని సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో తరగతులు నడిచి, తరువాత గచ్చిబౌలి కంచకు చేరాయి. అప్పుడు ఇది ఊరికి దూరమైన పశువుల మేత భూమి. హైటెక్ సిటీ పేరు ఎవరూ వినలేదు. సైబర్ టవర్స్ ప్రారంభమైనది 1998లో.

అంటే ప్రాణాలు పోయిన తరువాత కూర్చుని మాట్లాడుకుంటే వచ్చిన ఫలం ఈ విశ్వవిద్యాలయం. ఆ కూర్చోవడం ముందే జరిగి ఉంటే అన్న ప్రశ్న అప్పుడూ ఉన్నది, తరువాతా వచ్చినది.

రాష్ట్ర కళాశాలల్లో బోసిపోయిన కుర్చీ

పాత తరం వారికి కాలేజీ ఎన్నికలు బాగా గుర్తు. డెబ్బయిలలో, ఎనభైలలో డిగ్రీ కాలేజీలో అధ్యక్షుడిగా గెలిచినవాడు ఊరికి వస్తే పూలదండలు వేసేవారు. దానితోపాటే కత్తులు, కక్షలు కూడా వచ్చాయి. ఉస్మానియాలో జార్జిరెడ్డి అనే విద్యార్థి నాయకుడిని 1972 ఏప్రిల్ 14న పొడిచి చంపారు. కుల కక్షలు, పార్టీల డబ్బు ఆవరణలలోకి వచ్చిపడ్డాయి. చివరకు 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో, కళాశాలలలో విద్యార్థి సంఘాల ఎన్నికలు నిలిపివేసినది. సెంట్రల్ యూనివర్సిటీ కేంద్రం కిందిది కాబట్టి అక్కడ ఎన్నికలు సాగాయి.

ఇందులో ఒక చిత్రం ఉన్నది. సరిగ్గా ఆ రోజుల్లోనే దేశంలో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గించారు. ఆ సవరణ 1989 మార్చిలో అమలులోకి వచ్చినది. ప్రధానమంత్రిని ఎన్నుకొనే తెలివి 18 ఏళ్ల కుర్రవాడికి ఉన్నదని ఢిల్లీ నమ్మినది. తన కాలేజీలో కార్యదర్శిని ఎన్నుకొనే తెలివి లేదని హైదరాబాదు అనుకున్నది. 21 ఏళ్లు నిండినవారు ఊరికి సర్పంచిగా నిలబడవచ్చు. 2025 డిసెంబరులో జరిగిన పంచాయతీ ఎన్నికలలో అట్లా నిలబడే హక్కు ఉన్న పిల్లలకు తమ కాలేజీలో మాత్రం ఆ భాగ్యం లేకపోయినది.

కొట్లాటలు ఆగాలన్నది ఆనాటి ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని తప్పు పట్టలేము. కాని ఎన్నికలు పోయినంత మాత్రాన నాయకులు పోలేదు. 2009 చివర తెలంగాణ కోసం ఉస్మానియా భగ్గుమన్నప్పుడు జేఏసీల పేరుతో నాయకులు పుట్టుకువచ్చారు. వారిని ఓటు వేసి ఎన్నుకున్నవారు లేరు. అందువల్ల ఎవరితో మాట్లాడితే అందరితో మాట్లాడినట్లు అవుతుందో అధికారులకు తోచని పరిస్థితి. మాట్లాడేందుకు ఒక మనిషి లేనప్పుడు ఎదురుపడేది గుంపు. గుంపుతో మాట్లాడడానికి ఎవరినైనా పంపితే పోలీసులనే పంపుతారు.

లింగ్డో కమిటీ దీనికి కూడా ఒక దారి చూపినది. ఎన్నికలకు అనువైన వాతావరణం లేనిచోట కొంతకాలం విద్యార్థి ప్రతినిధులను నామినేట్ చేయవచ్చునని, అయిదేళ్లలో మాత్రం పద్ధతి ప్రకారం ఎన్నికలకు మారాలని సూచించినది. 2006 నుంచి లెక్క వేసుకుంటే ఆ అయిదేళ్లు ఎప్పుడో దాటిపోయాయి.

వెలివాడ నేర్పిన పాఠం

ఎన్నికలు ఉన్నంత మాత్రాన అంతా సవ్యంగా నడుస్తుందని అనుకోరాదు. సెంట్రల్ యూనివర్సిటీ కథలోనే అందుకు సాక్ష్యం ఉన్నది.

2015 ఆగస్టులో అంబేద్కర్ విద్యార్థి సంఘానికి, ఏబీవీపీకి మధ్య తగాదా వచ్చినది. ఘర్షణ జరిగినదన్న ఆరోపణ మీద విచారణలు నడిచాయి. విషయం ఆవరణ దాటి, ఉత్తరాల రూపంలో ఢిల్లీలోని మంత్రుల దాకా పోయినది. చివరకు అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ల నుంచి పంపివేశారు. వారు పరిపాలనా భవనంలోకి పోరాదు, అందరూ తిరిగే చోట్ల గుంపుగా కనిపించరాదు, విద్యార్థి సంఘం ఎన్నికలలో పాల్గొనరాదు అని కూడా ఆంక్షలు పెట్టారు. అంటే మాట చెప్పుకొనేందుకు ఉన్న తలుపులన్నీ ఒక్కసారిగా మూసినట్లయినది. 2016 జనవరి మొదటి వారంలో వారు షాప్‌కామ్ దగ్గర గుడారం వేసుకొని పడుకున్నారు. దానికి వెలివాడ అని పేరు పెట్టారు. ఆ నెల 17న వారిలో ఒకరైన రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. గుంటూరులో పెరిగిన బీదింటి బిడ్డ, తల్లి కుట్టుమిషను మీద సంపాదించి చదివించిన బిడ్డ. ఆ మరణం మీద దేశమంతటా విద్యార్థులు వీధిలోకి వచ్చారు. మార్చిలో ఆవరణలో మళ్లీ గొడవ జరిగి సుమారు 25 మంది విద్యార్థులు, ఇద్దరు అధ్యాపకులు అరెస్టయ్యారు.

ఎవరిది ఎంత తప్పు అన్న వాదన కోర్టుల దాకా, కమిషన్ల దాకా పోయినది. అది వేరే సంగతి. ఆగస్టు తగాదాకు, జనవరి మరణానికి మధ్య అయిదు నెలలకు పైగా గడువు ఉన్నది. ఎన్నికైన సంఘం ఉన్నది, డీన్ ఉన్నాడు, వార్డెన్లు ఉన్నారు. ఊళ్లో రెండు వాడల మధ్య మాట పెరిగితే పెద్దమనుషులు ఆ రాత్రే కూర్చోబెడతారు, తప్పయినా ఒప్పయినా ముఖాముఖి తేలుస్తారు. ఇంత చదువులున్న చోట అయిదు నెలలు కాగితాలు మాత్రమే తిరిగాయి. ఆవరణలో తేలవలసిన తగాదా పై నుంచి ఉత్తరాలు వచ్చిన తరువాత ఆవరణ చేతిలో ఉండదన్నది వెలివాడ నేర్పిన పాఠం.

ఉగాది నాడు వచ్చిన యంత్రాలు

తొమ్మిదేళ్ల తరువాత మరొక పరీక్ష వచ్చినది. ఇది భూమి సంగతి కాబట్టి రైతులకు తేలికగా అర్థమవుతుంది.

విశ్వవిద్యాలయానికి డెబ్బయిలలో సుమారు 2,300 ఎకరాలు కేటాయించారు. కాని భూమిని విశ్వవిద్యాలయం పేరు మీదికి మార్చిన దస్తావేజు లేదు. దున్నుకుంటున్న భూమికి పాసు పుస్తకం లేనట్లన్నమాట. అందులో కంచ గచ్చిబౌలి సర్వే నంబరు 25లోని 400 ఎకరాలను 2000 దశకం మొదట్లో ప్రభుత్వం ఒక క్రీడా సంస్థకు ఇచ్చినది. తరువాత ఆ కేటాయింపు 2006లో రద్దయినది. బదులుగా గోపనపల్లిలో విశ్వవిద్యాలయానికి 397 ఎకరాలు ఇచ్చామని ప్రభుత్వం చెబుతున్నది. ఏళ్ల తరబడి కోర్టులలో నడిచి, 2024లో ఆ 400 ఎకరాలు ప్రభుత్వానివేనని తేలినది. అక్కడ ఐటీ సంస్థల కోసం స్థలాలు వేసి వేలం పాడాలని ప్రభుత్వం సంకల్పించినది.

2025 మార్చి 30న, ఉగాది పండుగ నాడు, భూమి చదును చేసే యంత్రాలు పోలీసు కాపలాతో లోపలికి వచ్చాయి. విద్యార్థులు అడ్డుపోయారు. యాభై మందికి పైగా పిల్లలను వ్యానులెక్కించి స్టేషన్లకు తరలించారు. ఇద్దరి మీద కేసు పెట్టి జైలుకు పంపారు. ఏప్రిల్ 1 నుంచి విద్యార్థి సంఘం తరగతుల బహిష్కారానికి పిలుపు ఇచ్చినది. మరునాడు లాఠీలు లేచాయి.

ఈ గొడవలో విద్యార్థి నాయకులు చేసిన పనిలో రెండు సంగతులు చెప్పుకోదగినవి. మొదటిది, ఒకరి ముఖం ఒకరు చూడని సంఘాలు ఒకే కోరిక మీదికి వచ్చాయి. జెండాలు వేరైనా డిమాండు ఒకటే: వేలం ఆపాలి. వెలివాడ నాటి తగాదాలో చెరొక వైపు ఉన్న రెండు సంఘాలూ ఇందులో ఒక వైపే ఉన్నాయి. విశ్వవిద్యాలయం వారు కూడా ఈసారి నోరు విప్పారు. 2024 జూలైలో విశ్వవిద్యాలయం సమక్షంలో సర్వే జరిగి హద్దులు తేలాయని ప్రభుత్వ సంస్థ చెప్పగా, అటువంటి సర్వే జరగలేదని రిజిస్ట్రారు మార్చి 31న ప్రకటన ఇచ్చారు. పిల్లల మాట, ఆఫీసు మాట ఒకే వైపు ఉండడం ఆ ఆవరణలో అరుదు.

రెండవది ఇంకా ముఖ్యం. వైల్డ్ లెన్స్ అనే విద్యార్థి బృందం ఏళ్ల తరబడి ఆవరణలోని పిట్టలను, జంతువులను ఫొటోలు తీసి, పేర్లు రాసి పెట్టుకున్నది. అక్కడ రెండు వందలకు పైగా పక్షి జాతులు, ఏడు వందలకు పైగా పూమొక్కల జాతులు ఉన్నాయని లెక్కలున్నాయి. నెమళ్లు, చుక్కల జింకలు, నక్షత్ర తాబేళ్లు ఉన్నాయి. గొడవ ముదిరిన రోజుల్లో కృత్రిమ మేధతో తయారు చేసిన బొమ్మలు సెల్‌ఫోన్లలో తెగ తిరిగాయి. యంత్రాల ముందు జింకలు పరుగెత్తుతున్నట్లు, నెమళ్లు ఏడుస్తున్నట్లు బొమ్మలు. అవి దొంగ బొమ్మలని ప్రభుత్వం అనడానికి సందు దొరికినది. అబద్ధపు బొమ్మ ఒకటి నిజమైన పది సాక్ష్యాలను చెరుపుతుంది. అటువంటి వేళ పేరు, తేదీ, చోటు రాసి ఉన్న పాత జాబితాలే పిల్లల మాటకు బలమయ్యాయి. నినాదం ఎంత గట్టిగా ఇచ్చినా, అక్కడ ఏమున్నదో చెప్పలేనివాడు ఎదుటివాడి చేత వినిపించుకోలేడు.

ఏప్రిల్ 2న హైకోర్టు పనులు ఆపమన్నది. మరునాడు సుప్రీంకోర్టు తనంతట తాను కేసు చేపట్టి, అక్కడ ఏ పనీ జరగరాదని ఉత్తర్వు ఇచ్చినది. సుమారు వంద ఎకరాలు యంత్రాల కింద పోయినట్లు హైకోర్టు అధికారి నివేదిక ద్వారా తెలిసినది. అదే రోజు రాష్ట్ర ప్రభుత్వం ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క, మంత్రులు శ్రీధర్ బాబు, పొంగులేటి శ్రీనివాసరెడ్డిలతో ఒక కమిటీ వేసినది. విశ్వవిద్యాలయం వారితో, విద్యార్థులతో, ప్రజా సంఘాలతో మాట్లాడడం దాని పని. కొద్ది రోజులకే విద్యార్థుల మీది కేసులు ఉపసంహరించుకోవాలని ఉప ముఖ్యమంత్రి పోలీసులకు చెప్పారు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. యంత్రాలు వచ్చినది మార్చి 30న. మాట్లాడేందుకు కమిటీ వేసినది ఏప్రిల్ 3న. ఈ రెండు తేదీలు తారుమారై ఉంటే వంద ఎకరాల చెట్లు నిలిచేవి, పిల్లలు జైలు చూసేవారు కాదు. మాట్లాడేందుకు ఎన్నికైన విద్యార్థి సంఘం లోపలే ఉన్నది. పిలిస్తే వచ్చేవారు. ఉస్మానియాలో మాదిరిగా ఎవరితో మాట్లాడాలో తోచలేదని ఇక్కడ అనడానికి వీలులేదు.

ఎన్నిక లేనిచోట ఏమి చేయాలి?

ఈ చుట్టుపక్కల చదువుల సంస్థలకు కొదవ లేదు. 1998లో మొదలైన ఐఐఐటీలో విద్యార్థుల పార్లమెంటు పేరుతో ప్రతినిధుల ఏర్పాటు ఒకటి ఉన్నది. అదే ఏడాది వచ్చిన మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంఘం ఉన్నది. కాని మన జిల్లా పిల్లలలో ఎక్కువమంది చేరేది వీటిలో కాదు. ఔటర్ రింగు రోడ్డు వెంట వెలసిన ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలలో, రాష్ట్ర విశ్వవిద్యాలయాల కిందనున్న డిగ్రీ కాలేజీలలో. అక్కడ ఎన్నికలు లేవు. తరగతి ప్రతినిధి అని ఒకరిని లెక్చరరే నియమిస్తారు. అతని పని హాజరు పుస్తకం మోయడంతో సరి.

అక్కడ కూడా చట్టం కల్పించిన చోట్లు రెండు ఉన్నాయి. వాటిని గురించి పల్లెలలో తెలిసినవారు తక్కువ.

ఒకటి, ఆడపిల్లల రక్షణ కోసం ఏర్పాటైన అంతర్గత ఫిర్యాదుల కమిటీ. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ఫిర్యాదులో విద్యార్థులున్నప్పుడు కమిటీలో ముగ్గురు విద్యార్థులు కూర్చోవాలి. డిగ్రీ, పీజీ, పరిశోధన స్థాయిల నుంచి ఒక్కొక్కరు. ఆ ముగ్గురిని ప్రిన్సిపాలు తనకు నచ్చినవారిని పిలిచి వేయకూడదు, పద్ధతి ప్రకారం ఎన్నుకోవాలి. రాష్ట్రంలో విద్యార్థి ఎన్నికలు లేవన్న సాకు దీనికి చెల్లదు.

రెండవది, విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ. యూజీసీ 2023 ఏప్రిల్‌లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలోనూ ఇది ఉండాలి. ఒక ప్రొఫెసరు అధ్యక్షుడిగా, సీనియరు అధ్యాపకులు సభ్యులుగా ఉంటారు. చదువులో గాని, ఆటలలో గాని, ఇతర కార్యక్రమాలలో గాని పేరు తెచ్చుకున్న విద్యార్థి ఒకరిని ప్రత్యేక ఆహ్వానితుడిగా కూర్చోబెట్టాలి. అధ్యక్షులు, సభ్యులలో కనీసం ఒకరు మహిళ కావాలి, కనీసం ఒకరు ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాల వారు కావాలి. సర్టిఫికెట్లు పట్టి ఉంచడం, ఎక్కువ ఫీజు వసూలు, స్కాలర్‌షిప్ ఆలస్యం వంటి ఫిర్యాదులు దీని ముందు పెట్టవచ్చు. కమిటీ 15 పనిదినాలలో నివేదిక ఇవ్వాలి. తృప్తి లేకపోతే విశ్వవిద్యాలయం నియమించిన అంబుడ్స్‌పర్సన్ దగ్గరకు పోవచ్చు. ఆయన 30 రోజులలో తేల్చాలి.

ఆ ఒక్క విద్యార్థి కుర్చీ చిన్నదే. ఓటు హక్కు లేని ఆహ్వానితుడి కుర్చీ. అయినా లోపల ఏమి మాట్లాడుకున్నారో బయటివారికి తెలియజేయగలిగినవాడు అతను ఒక్కడే. పెద్దల బల్ల దగ్గర కూర్చుని, మర్యాద తప్పకుండా, తోటివారి కష్టాన్ని నిబంధన నంబరుతో సహా చెప్పగలిగిన పిల్లవాడు దొరికితే చాలా కాలేజీలలో ధర్నా దాకా పోకుండానే పని అవుతుంది. సర్టిఫికెట్ల కోసం ఏడాది తిరిగి చెప్పులు అరగదీసుకున్న తల్లిదండ్రులు మన మండలాలలో ఎందరో ఉన్నారు. వారిలో ఎంతమంది ఈ కమిటీ పేరు విన్నారో చెప్పడం కష్టం.

కాలేజీలో చేర్చేటప్పుడు ఫీజు ఎంత, బస్సు ఉన్నదా, హాస్టలులో కోడిగుడ్డు పెడతారా అని అడిగే తల్లిదండ్రులు మరొక్క ప్రశ్న కూడా అడగవచ్చు. ఫిర్యాదుల కమిటీలో విద్యార్థి ప్రతినిధి ఎవరు అని. పేరు వెంటనే చెప్పగలిగిన ఆఫీసు ఒక రకం, తడుముకొనే ఆఫీసు మరొక రకం. ఫిర్యాదు ఇవ్వవలసి వస్తే నోటితో చెప్పి రాకూడదు. కాగితం మీద రాసి, రెండవ ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకొని ఇంట్లో దాచుకోవాలి. పదిహేను రోజుల లెక్కకు ఆ తేదీయే ఆధారం.